ఉగ్రపాత్రధారి సామర్ల వెంకట రంగారావు: జంషెడ్‌పూరు ఉద్యోగము మొదలు కీచకుని వఱకు

లక్షణగ్రంథములలో నాయకునకు లభించిన పరిశీలన ప్రతినాయకునకు లభింపలేదు. ధీరోద్ధతుని ప్రస్తావించునపుడు దర్పము, మాత్సర్యము, మాయ, అహంకారము, చాపల్యము, ఆత్మశ్లాఘ అని గుణముల పట్టిక యొకటి యిచ్చి ఆలంకారికులు ముందునకు సాగిరి. అట్టి పాత్రను నటుడు ఏ సాధనములతో ప్రేక్షకుని యెదుట నిలుపవలెనను ప్రశ్న మిగిలియే యున్నది. ఇరువదవ శతాబ్ది తెలుగు చలనచిత్రమున ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధాన మిచ్చిన నటుడు సామర్ల వెంకట రంగారావు. ఘటోత్కచుడు, కీచకుడు, కంసుడు, యముడు, నరకాసురుడు, హిరణ్యకశిపుడు, రావణుడు అనగానే తెలుగువారికి నేటికిని ఈయన ఆకారమే స్ఫురించును. ఆ పాత్రల బలము కండలలో గాక వాక్కునందును, నిగ్రహమునందును ఉన్నదని మా యభిప్రాయము. ఆయన జీవితక్రమము దీని కెట్లు దోహదము చేసెనో చూపుటయే ఈ వ్యాసోద్దేశము. ఆ జీవితమున జంషెడ్‌పూరు ఒక చిన్న అధ్యాయము; చిన్నదైనను విడువరానిది.

రంగారావు 1918 జూలై 3వ తేదీన కృష్ణాజిల్లా నూజివీడులో జన్మించెను. తండ్రి కోటేశ్వరరావు ఆబ్కారీ శాఖలో ఉద్యోగి. బాల్యము మద్రాసులో నాయనమ్మ సంరక్షణలో గడచెను. తిరువళ్ళిక్కేణిలోని హిందూ హైస్కూలులో చదువుచున్న దినములలోనే ఆయన తొలిసారి వేషము వేసెను. పిదప విశాఖపట్టణమున ఇంటర్మీడియట్టును, కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలలో బి.ఎస్‌సి. పట్టమును ముగించెను. కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు అను ఔత్సాహిక నాటకసమాజ మొకటి యుండెను. అంజలీదేవి, ఆదినారాయణరావు మున్నగువారు ఆ కూటమికి చెందినవారే. రంగారావు అచ్చట తెలుగు నాటకములతోపాటు షేక్స్‌పియరు నాటకపాత్రలను సయితము ఆంగ్లమున అభినయించెను.

ఈ యంశమును ఇచ్చట కొంత నిలిచి గమనింపవలెను. ఆనాటి తెలుగు పౌరాణిక నాటకము పద్యప్రధానము. నటుని కీర్తి అతని కంఠమునుబట్టి యుండెడిది. రాగాలాపనతో పద్యము నెంత దూరము నడపగలడో, ఎన్ని మారులు ప్రేక్షకులు మరల పాడింపగోరుదురో, అదియే కొలమానము. రంగారావు ఆ మార్గమున వచ్చినవాడు కాడు. ఆయనకు అలవడినది వచనమును అర్థవంతముగా పలుకు విద్య. ఔత్సాహిక రంగమునుండి ఆయన తెచ్చుకొన్న పెట్టుబడి యిదియే.

పట్టభద్రుడైన పిమ్మట ఆయన అగ్నిమాపక శాఖలో అధికారిగా చేరి బందరులోను, విజయనగరములోను పనిచేసెను. ఉద్యోగమున తీరిక లేక నాటకము దూరమగుటచే దానిని వదలుకొనెను. అంతట బి.వి. రామానందము దర్శకత్వమున 1946-47 నాటి ‘వరూధిని’ చిత్రములో ప్రవరుని పాత్ర లభించెను. పెద్దన మనుచరిత్రము నెఱిగిన పాఠకులు ఇందలి విశేషమును గుర్తింపగలరు. పరకాంతను కోరి నశించిన కీచక రావణులను తరువాతి కాలమున సాక్షాత్కరింపజేసిన నటుడు, తన్ను వలచి వచ్చిన దివ్యాంగనను త్రోసిపుచ్చిన నిష్ఠాపరునిగా తెరపై తొలి యడుగు వేసెను. చిత్రము జయము నొందలేదు. వేఱు అవకాశములు రాలేదు. 1947 డిసెంబరు 27న లీలావతితో వివాహ మయ్యెను. సంసారభారము మీదపడెను, జీవిక కావలసివచ్చెను. అప్పుడాయన టాటా సంస్థలో బడ్జెట్ సహాయకుని యుద్యోగము సంపాదించి జంషెడ్‌పూరునకు వెడలెను.

సువర్ణరేఖా ఖర్కాయీ నదుల సంగమముచెంత నున్న ఈ పట్టణము నాడు బిహారు రాష్ట్రము లోనిది. 2000 సంవత్సరమునుండి జార్ఖండు రాష్ట్రమునకు చెందినది. 1907లో టాటా వారి ఉక్కు సంస్థ స్థాపితమై, 1912లో సాక్చి గ్రామమున తొలి ఉక్కు తయారయ్యెను. 1919లో జంషెడ్‌జీ టాటా స్మారకముగా ఆ యూరికి జంషెడ్‌పూరని పేరిడిరి. బెంగాల్ నాగపూర్ రైలుమార్గము ఉత్తర కోస్తాను ఈ ప్రాంతముతో కలుపుటవలన తెలుగువారు అనేకులు జీవనార్థమై వచ్చి స్థిరపడిరి. బెంగాలీ, ఒడియా, హిందీ, సంతాలీ, హో భాషల నడుమ తెలుగు అచ్చట ఇంటిభాషగా మిగిలెను. అది నలుగురి యెదుట నిండుగా వినవచ్చుటకు భజనయో, నాటకమో కావలసియుండెను. పరభాషాప్రాంతమున బోధించు మావంటివారికిది అనుభవమున నెఱుకయైన విషయమే. పగలు లెక్కలు చూచిన రంగారావు అచ్చటి ఆంధ్రుల నాటకములలో పౌరాణిక వేషములు ధరించెను. జీతమునకు కర్మాగారము, తృప్తికి నాటకము అను ఈ యేర్పాటుతో అనేకుల జీవితములు గడచిపోయినవి. ఆయన జీవితమును అట్లే గడచిపోవుటకు తగిన కారణము లన్నియు నుండెను.

అటు జరుగకుండుటకు హేతువు మద్రాసునుండి వచ్చిన పిలుపు. బి.ఎ. సుబ్బారావు తాను తీయనున్న ‘పల్లెటూరి పిల్ల’ చిత్రములో ప్రతినాయక పాత్రకై ఆయనను రమ్మనెను. అదే సమయమున తండ్రి మరణించెను. అంత్యక్రియలు ముగించి మద్రాసు చేరునప్పటికి ఆ పాత్ర ఎ.వి. సుబ్బారావునకు పోయెను. రంగారావునకు మిగిలినది అల్పమైన వేషము. స్థిరమైన యుద్యోగము విడిచి వచ్చిన గృహస్థునకు ఇది సామాన్యమైన దెబ్బ కాదు. అయినను ఆయన వెనుకకు మరలిపోలేదు. 1949 నాటి ‘మనదేశము’లోను చిన్న పాత్రనే స్వీకరించి మద్రాసులోనే నిలిచియుండెను.

1950లో విజయావారి తొలి చిత్రము ‘షావుకారు’ ఆయనకు దారి చూపెను. ఎల్.వి. ప్రసాదు దర్శకత్వమున వచ్చిన ఈ సాంఘిక చిత్రములో ఆయన పాత్ర పేరు సున్నపు రంగడు. ఇతడు పల్లెటూరి రౌడీ. పురాణపురుషుల దర్పము గాని, రాజవేషము గాని ఇతనికి లేవు. ఊరిలో ఇతని నెఱిగిన భయ మొకటే ఇతని యాస్తి. రంగారావు ఆ భయమును అరుపులతో సాధింపక నడకతోను, చూపుతోను, మాటను ఆపి పలుకు తీరుతోను సాధించెను. తెలుగు తెరపై మొరటు మనుష్యుని నమ్మదగిన రీతిని చూపిన తొలి పాత్రలలో దీనిని చేర్పవలెను.

మరుసటి సంవత్సరము, 1951లో, కె.వి. రెడ్డి ‘పాతాళభైరవి’ వెలువడెను. నాయకుడు తోట రాముడుగా నందమూరి తారక రామారావు, నేపాళ మాంత్రికుడుగా రంగారావు నటించిరి. వీరుడైన యువకుని దేవికి బలియిచ్చి సర్వసిద్ధులు పొందవలెనని మాంత్రికుని కోరిక. ఇందులకు యువకుని ఉసిగొల్పవలెను, లాలింపవలెను, మోసగింపవలెను. కాబట్టి ఈ పాత్రకు ఆయుధము మాటయే. పింగళి నాగేంద్రరావు సమకూర్చిన విచిత్రపదములకు రంగారావు తగిన సాగతీతను, ఊనికను కల్పించెను. ఆ పలుకులు పల్లెలలో పిల్లల నోట సయితము ఆడినవి. ప్రతినాయకుని భాష ప్రజల భాషలో కలిసిపోవుట భాషాధ్యేతలు గమనింపదగిన విషయము. 1952లో జరిగిన భారతదేశపు తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ఈ చిత్రము ప్రదర్శింపబడెను.

బి.ఎన్. రెడ్డి ‘బంగారు పాప’ (1955) జార్జి ఎలియట్ రచించిన ‘సైలస్ మార్నర్’ నవలకు అనుసరణము. దిక్కులేని పసిపాపను పెంచుటలో కఠినుడైన కోటయ్య మెత్తబడుటయే కథ. మొరటుతనము తొలగిపోయిన పిదప మనిషిలో ఏమి మిగులునో రంగారావు ఇచ్చట చూపెను. ఈ మార్దవము తరువాతి రాక్షసపాత్రలలోను అంతర్వాహినియై నిలిచినది. 1957 నాటి ‘మాయాబజారు’ తెలుగు తమిళములు రెంటను నిర్మితమైనది. రెంటను ఘటోత్కచుడు రంగారావే. ఈ ఘటోత్కచుడు భీకరుడైనను తల్లిమాట జవదాటనివాడు, బాలునివలె విందుకు సంబరపడువాడు. ఈ చిత్రమున ఒక నిదర్శనము కలదు. ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చిన ఘట్టములలో సావిత్రి రంగారావు ఠీవిని, నడకను, హుంకారమును అనుకరించి నటించెను. సుకుమారియైన యువతి శరీరమున ఆ రాక్షసుని ప్రేక్షకులు తత్‌క్షణమే గుర్తించిరి. దీనివలన తేలున దేమనగా, ఆయన నిర్మించిన బలము స్థూలశరీరముపై ఆధారపడినది కాదు. అది వేరొకరికి సంక్రమింపగల నిశ్చితమైన శైలి.

1963లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున వచ్చిన ‘నర్తనశాల’ ఈ వాదమునకు మఱియొక బలమైన యాధారము. ఇందు భీముడుగా నటించిన దండమూడి రాజగోపాలరావు ఆసియా క్రీడలలో పతకము గెలిచిన బరువులెత్తు మల్లుడు. నిజమైన బలశాలి యెదుట నటించిన బలశాలి నిలువవలసివచ్చెను. అయినను కీచకుని దర్పము తక్కువగా తోపదు. విరాటపర్వమున తిక్కన కీచకుని కేవలము దుష్టుడుగా గాక మదనపరవశుడై వివేకము కోల్పోయిన వానిగా చిత్రించెను. రంగారావు అభినయము ఈ మార్గముననే నడచెను. సైరంధ్రిని చూచు చూపులో అధికారమును, దైన్యమును ఒక్కటిగా కనుపించును. కావుననే అతని మరణము ప్రేక్షకునకు తృప్తితోపాటు కొంత జాలిని కలిగించును. 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవమున ఈ పాత్రకై ఆయనకు ఉత్తమనటుడను గౌరవము లభించెను. అదే సంవత్సరము ‘బొబ్బిలి యుద్ధము’లో తాండ్ర పాపారాయుడై, ఆ తీవ్రతనే 1757 నాటి స్వామిభక్తునకు సమకూర్చెను. ప్రతినాయకుని సాధనములు వీరనాయకునకును చెల్లుననుటకు ఇది తార్కాణము.

చలనచిత్రములలో ఆయన పాత్రల పద్యములను, పాటలను మాధవపెద్ది సత్యము వంటి గాయకులు పాడిరి. గానభారము తొలగగా నటుని దృష్టి సంభాషణముపై నిలిచెను. రంగస్థలమున రాగము వహించిన యుద్ధతిని తెరపై వచనము వహించెను. ఈ మార్పునకు ధ్వనిముద్రణ యంత్రము అవకాశ మిచ్చినది. దానిని వినియోగించుకొనుటకు పద్యనాటకము వెలుపల శిక్షణ పొందిన నటుడు కావలసెను. కాకినాడ నాటకములు, జంషెడ్‌పూరు నాటకములు ఈ విధముగా సార్థకములైనవి.

చివరి దశాబ్దమున రంగారావు ‘చదరంగము’ (1967), ‘బాంధవ్యాలు’ (1968) చిత్రములకు దర్శకత్వము వహించెను. కుటుంబపెద్దల పాత్రలలోను ప్రజాదరము పొందెను. 1974 జూలై 18న మద్రాసులో హృద్రోగముచే మరణించెను. అప్పటి కాయన వయస్సు 56 సంవత్సరములు. 2013లో భారత తపాలాశాఖ ఆయన పేర తపాలాబిళ్ళ వెలువరించెను.

తెలుగు నాటకచరిత్రకారులు ప్రవాసాంధ్రుల నాటకసంఘములను సాధారణముగా అనుబంధములలో పేర్కొని విడుతురు. రంగారావు చరిత్ర ఆ పద్ధతిని సవరింపుమనుచున్నది. వరూధిని పరాజయమునకును, మద్రాసు పిలుపునకును నడుమ ఆయనలోని నటుని నిద్రపోనీయక కాపాడినవి ఉక్కు పట్టణమున తెలుగు వినగోరి చేరిన కొలదిమంది ప్రేక్షకుల సాయంకాలములు. వారి సంఘముల కరపత్రములు, నాటకప్రతులు, సభ్యుల జ్ఞాపకములు శిథిలము గాకమునుపే సేకరించుట మనవంటి శాఖలు చేపట్టదగిన కార్యము.