మూలికలను పరీక్షించిన వైద్యుడు: కర్నల్ రామనాథ చోప్రా

మన బీదరు ప్రాంతమున కంచెలపై ప్రాకు దొండతీగ నెరుగని బాలబాలికలుండరు. మనము దొండ యనుదానిని కన్నడిగులు తొండె యనియు, మరాఠీవారు తోండలి యనియు, వంగదేశీయులు తెలాకుచా యనియు పిలిచెదరు. ఈ తీగ మధుమేహమును కుదుర్చునని మన దేశమున ననేకులు చిరకాలముగా నమ్ముచున్నారు. ఆ నమ్మకమును శాస్త్రరీతిని మొదట పరీక్షించినవారిలో నొకరగు కర్నల్ రామనాథ చోప్రాగారి చరిత్రమును విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపగోరుచున్నాము.

చోప్రాగారు 1882వ సంవత్సరమున పంజాబులోని గుజ్రన్‌వాలాలో జన్మించిరి. ఆ పట్టణము నేడు పాకిస్థానమున నున్నది. లాహోరులో చదివి, పిమ్మట కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున వైద్యవిద్య నభ్యసించిరి. అచట డిక్సన్ అను ఆచార్యుని యొద్ద, మందులు శరీరముపై పనిచేయు తీరును పరిశోధించుట నేర్చిరి. 1908లో ఇండియన్ మెడికల్ సర్వీసున చేరి, మొదటి ప్రపంచయుద్ధ కాలమున సైన్యమున వైద్యులుగా పనిచేసిరి. 1921లో కలకత్తాలోని ఉష్ణమండల వైద్య విద్యాలయమున ఔషధశాస్త్రాచార్యులైరి.

ఆ కాలమున విదేశములనుండి వచ్చు మందులు పేదలకు అందుబాటులో లేకుండెను. మూలికలు మాత్రము ఊరూర నుండెను. పెద్దలు చెప్పిరని మూలికను నమ్ముటయు, నాటుమందని త్రోసివేయుటయు రెండును తగవని చోప్రాగారు తలచిరి. మొదట మొక్కను సరిగా గుర్తించవలెను. అందలి ద్రవ్యములను వేరుచేయవలెను. వానిని జంతువులపై పరీక్షించవలెను. తుదకు రోగులకిచ్చి ఫలితమును కొలువవలెను. ఇదియే వారి మార్గము.

1925లో వారును, సహచరులగు బోసుగారును దొండపై తమ పరిశోధనను ప్రకటించిరి. పచ్చి దొండరసము మధుమేహరోగుల రక్తమునగాని మూత్రమునగాని చక్కెరను తగ్గించలేదని తేలెను. ఆ ఫలితమును వారు దాచలేదు. 1928లో పొడపత్రిపై పరిశోధనను ప్రకటించిరి. ఈ ఆకును నమిలినపిదప చక్కెర నోటికి ఇసుకవలె నుండును. అందుచే నది దేహములోని చక్కెరను గూడ హరించునని పలువురు తలచెదరు. కాని నాలుక తీపిని మరచుట వేరు, రక్తమున చక్కెర తగ్గుట వేరు. ఆ భేదమును తేల్చునది కొలతయే.

కొన్ని మూలికలు పరీక్షలో నెగ్గెను. సర్పగంధలోని సారము రక్తపుపోటును తగ్గించునని చోప్రాగారును, వారి సహచరులును 1933లో ప్రకటించిరి. దేశీయ ఔషధములపై వారి మహాగ్రంథము గూడ ఆ యేటనే వెలువడెను. 1930-31లో వారి అధ్యక్షతన పనిచేసిన సంఘము మందుల కల్తీని విచారించెను. 1940 నాటి ఔషధ చట్టమునకు ఆ విచారణయే పునాది. తరువాత జమ్మూలో ఔషధ పరిశోధనశాలను నడపి, 1973లో వారు స్వర్గస్థులైరి.

దొండ కథ అంతటితో ముగియలేదు. 2008లో బెంగుళూరులోని సెంట్ జాన్స్ పరిశోధకులు, క్రొత్తగా రెండవ రకము మధుమేహము కనబడిన 60 మందిపై 90 దినములు పరీక్ష జరిపిరి. దొండనుండి తీసిన సారమును పుచ్చుకొన్నవారికి పరగడుపు చక్కెర సుమారు 16 శాతము తగ్గెను. పచ్చిరసమొకటి, కొలతప్రకారము తీసిన సారమొకటి. కావున మొదటి పరీక్ష అసత్యము కాదు, రెండవదియు తుది తీర్పు కాదు.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. దొండకాయ కూర నిశ్చింతగా తినవచ్చును. దానిని నమ్మి వైద్యుడిచ్చిన మాత్రను మాత్రము మానరాదు. విద్యార్థులారా, విన్నదానిని పరిహసింపక, పరీక్షింపక నమ్మక, కొలిచి తెలిసికొనుడు. చోప్రాగారి జీవితము మనకు నేర్పునది యిదియే.