తాళాల మేస్త్రీ కొడుకు

జార్జి సైమన్ ఓమ్ 1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఒక తాళాల మేస్త్రీ ఇంట పుట్టాడు. బడి చదువు లేని ఆ తండ్రే కొడుకులకు లెక్కలు నేర్పాడు. కాలేజీకి పంపితే మనవాడు డాన్సులు, బిలియర్డ్సులో మునిగిపోయాడు (ఈ విషయం మన హాస్టలు మిత్రులకు ఊరటేమో!). తండ్రి కోప్పడి మాన్పించాడు.

1817లో కొలోన్‌లో ఉపాధ్యాయుడై, అబ్బిన పనితనంతో పరికరాలు తానే చేసుకున్నాడు. వోల్టా ఘటమాలతో చిక్కొచ్చింది: తీగ మార్చేలోపే కరెంటు తగ్గిపోయేది. పోగెన్‌డార్ఫ్ సలహాపై 1826లో బిస్మత్, రాగి అతికిన జంట తీసుకున్నాడు. ఒక అతుకు మరిగే నీళ్లలో, రెండోది మంచులో. ఆ ఉష్ణోగ్రతలు మారవు గనుక విద్యుచ్ఛాలక బలమూ మారదు. వేర్వేరు పొడవుల రాగి తీగలు కలిపి కొలిస్తే సూత్రం బయటపడింది.

వడమాలపేటలో ఒక ఇస్త్రీపెట్టె 230 ఓల్టుల దగ్గర 5 ఆంపియర్లు లాగితే, భాగిస్తే నిరోధం 46 ఓములు. గుణిస్తే సామర్థ్యం 1150 వాట్లు. ఓల్టేజీ 184కు పడితే కరెంటు 4కు దిగి, మిగిలేది 736 వాట్లే. చొక్కా మడత పోనిది అందుకే. (వేడి లెక్క 1841లో జౌల్ తేల్చినది.)

ఇంత తేలికైన సంగతిని 1827లో పుస్తకంగా వేస్తే జర్మన్ పండితులు చాలామంది పట్టించుకోలేదు. ఆశించిన పదవి రాలేదు. మనసు విరిగి కొలోన్ ఉద్యోగం వదిలేశాడు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చాకే స్వదేశం కళ్లు తెరిచింది. మ్యూనిక్‌లో ప్రొఫెసర్ పీఠం దక్కేసరికి 63 ఏళ్ళు. రెండేళ్ళకే, 1854 జూలై 6న, కన్నుమూశాడు. నిరోధపు ప్రమాణానికి ఆయన పేరు 1881 పారిస్ విద్యుత్ మహాసభలో ఖాయమైంది.