హరికథా పితామహుడు

మహారాష్ట్రలో ఉంటున్న మనకు కీర్తన కొత్త కాదు. గుడి మండపంలోనో, వీధి పందిరిలోనో కీర్తనకారుడు నిలబడి, చిపళ్యా మోగిస్తూ, పాటా మాటా కలిపి భగవంతుని కథ చెప్పడం లాల్‌పేట్ పిల్లలు చూసే ఉంటారు. తెలుగువారికీ అటువంటి కళ ఒకటి ఉంది. దాని పేరు హరికథ. ఈ రెండింటికీ చుట్టరికం ఉంది. మరాఠా రాజులు ఏలిన తంజావూరికి మరాఠీ కీర్తనకారులు వెళ్తూ వస్తూ ఉండేవారు. వారి పద్ధతిని చూసి అక్కడి భాగవతులు తమ కథాగానాన్ని దిద్దుకున్నారు. ఆ కళ మద్రాసు మీదుగా తెలుగునాట అడుగుపెట్టింది. దానికి తెలుగుదనం దిద్ది, పండితులూ పామరులూ ఒకే పందిరి కింద కూర్చుని వినేటట్లు చేసినవారు ఆదిభట్ల నారాయణదాసు.

ఆయన 1864 ఆగస్టు 31న బలిజిపేట దగ్గరి అజ్జాడ గ్రామంలో జన్మించారు. తల్లి లక్ష్మీనరసమ్మ, తండ్రి వేంకటచయనులు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. కలిగిన కుటుంబం కాదు. తల్లి నోట విన్న భాగవత పద్యాలు పిల్లవానికి ఇట్టే వచ్చేవి. ఐదేళ్ల వయసులో ఒక పుస్తకాల అంగడి ముందు నిలబడి భాగవతం కావాలని అడిగాడనీ, ఇంత చిన్నవాడికి అదెందుకని వర్తకుడు నవ్వితే పద్యాలు గడగడా చదివి వినిపించాడనీ, ఆ వర్తకుడు మెచ్చి పుస్తకం ఊరికే ఇచ్చాడనీ చెబుతారు. గొప్పవారి బాల్యం గురించి ఇటువంటి కథలు చాలా పుడతాయి. కానీ ఈ కథను నమ్మడానికి నాకు అభ్యంతరం లేదు. పెద్దయ్యాక ఆయన జ్ఞాపకశక్తిని చూసినవారు వందలమంది ఉన్నారు.

బొబ్బిలిలో వాసా సాంబయ్య వద్ద కొంతకాలం సంగీతం నేర్చుకున్నారు. గురువు దగ్గర కూర్చుని నేర్చినది అంతే. మిగిలినదంతా విని, పాడి, మళ్లీ విని సొంతం చేసుకున్నదే. తరువాత విజయనగరంలో అన్నగారి వద్ద ఉండి ఇంగ్లీషు చదువులో చేరారు. ఇంట్లోవారి ఆశ ఆయన ఒక ఉద్యోగస్థుడు కావాలని.

1883లో కుప్పుస్వామి నాయుడు అనే భాగవతారు మద్రాసు నుంచి విజయనగరం వచ్చి హరికథ చెప్పారు. పంతొమ్మిదేళ్ల విద్యార్థి వెళ్లి విన్నాడు. తన దారి ఏదో ఆ రాత్రే తెలిసిపోయింది. ఇంటికి వచ్చి సొంతంగా ధ్రువచరిత్ర రాసి, రాగతాళాలు కూర్చి, అదే ఏడాది సభలో చెప్పారు. సవతి తల్లి తండ్రి ఒడిలోంచి దింపివేసిన పసివాడి కథ అది.

హరికథ చూడడానికి సులువుగా కనిపిస్తుంది. కానీ అది ఒంటరి పని. నాటకంలో పాత్రకొక నటుడు ఉంటాడు. ఇక్కడ ఒక్క మనిషే ధ్రువుడు కావాలి, సురుచి కావాలి, నారదుడు కావాలి. పాడుతూ ఉండగానే కాలి గజ్జెలు తాళం తప్పకూడదు. ఆనాడు మైకులు లేవు. పందిరి చివర కూర్చున్న ముసలమ్మకు కూడా మాట తెలియాలి, పాట శ్రుతి తప్పకూడదు. నిండైన విగ్రహం, మెడలో పూలదండ, కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు, కంచుగంట వంటి గొంతు. నారాయణదాసు లేచి నిలబడితే సభ సద్దుమణిగేది.

లయ మీద ఆయనకున్న పట్టు ఇంకా అబ్బురమైనది. కుడి చేత్తో మూడేసి దెబ్బలు, ఎడమ చేత్తో నాలుగేసి దెబ్బలు ఒకే వేగంతో లెక్కపెట్టి చూడండి. రెండూ మళ్లీ కలిసేది పన్నెండో దెబ్బ తరువాతనే. ఐదేసి దెబ్బలు కూడా కలిపితే అరవై దాకా ఆగాలి. ఆయన రెండు చేతులతో, రెండు కాళ్లతో, తలతో ఐదు తాళాలు ఒకేసారి వేస్తూ పల్లవి పాడేవారు. అందుకే పంచముఖీ పరమేశ్వరుడనీ, లయబ్రహ్మ అనీ పేరు వచ్చింది.

అంబరీష చరిత్ర, గజేంద్రమోక్షం, రుక్మిణీ కల్యాణం, యథార్థ రామాయణం వంటి హరికథలు ఎన్నో రాశారు. సంస్కృతం, ఇంగ్లీషుతో పాటు పారసీ కూడా నేర్చారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారసీ మూలం నుంచీ, దాని ఇంగ్లీషు అనువాదం నుంచీ సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ మార్చారు. నవరస తరంగిణిలో కాళిదాసునూ షేక్స్పియరునూ పక్కపక్కన నిలిపారు. విజయనగర ప్రభువు ఆనంద గజపతి ఆయనను ఆదరించారు. మైసూరు, మద్రాసు నగరాల్లో గౌరవాలు పొందారు. అయినా ఎవరి కొలువులోనూ కట్టుబడి ఉండడం ఆయనకు ఇష్టం లేదు. పిలిచినచోట కథ చెప్పడం, ఇచ్చినది పుచ్చుకోవడం, మరో ఊరికి కదలడం. అలా ముప్పై ఐదేళ్లు గడిచాయి.

అటువంటి మనిషికి 1919లో ఒక పరీక్ష ఎదురైంది. విజయనగరం సంస్థానంలో పనిచేసే ఒక ఉద్యోగి కొడుకు అంధుడు. అతనికి సంగీతం మీద ఆసక్తి ఉంది. నేర్చుకునే వీలు లేదు. ఆనాడు పాట నేర్వాలంటే గురువు ఇంట్లో ఏళ్ల తరబడి ఉండి సేవ చేయాలి. కళ్లు లేని పిల్లవాణ్ణి ఎవరు చేర్చుకుంటారు? ఆ సంగతి ప్రభువు విజయరామ గజపతికి తెలిసింది. ఆ ఒక్క పిల్లవాని కోసం మొదలైన ఆలోచన అందరికోసం పాఠశాలగా మారిందని చెబుతారు. దానికి అధ్యక్షులుగా ఉండమని నారాయణదాసును కోరారు.

అప్పటికి ఆయనకు యాభై నాలుగేళ్లు. గంట కొడితే పాఠం, మళ్లీ గంట కొడితే ముగింపు. నెల జీతం. ఆయన బతికిన తీరుకు ఇది పూర్తిగా ఎదురు. మనుష్యుని కొలువు చేయనన్నది ఆయన నియమం. చివరికి పాఠశాలకు శ్రీ విజయరామ గానపాఠశాల అని రాముని పేరు కలిసివచ్చేలా పెట్టారు. అది రాజు పేరు కూడా. రాముని సేవగా భావించి ఆయన ఒప్పుకున్నారంటారు. ఈ సర్దుబాటు చూసి మనం కొంచెం నవ్వుకోవచ్చు. కానీ ఆ ఒప్పుదల లేకపోతే ఆ బడి ఎలా నడిచేదో ఊహించడం కష్టం.

పాఠశాల తెరిచిన కొత్తలో ఇరవై అయిదేళ్ల యువకుడు ఒకరు వయొలిన్ నేర్చుకోవడానికి వచ్చారు. చిన్నతనం నుంచీ ఆయనకు చూపు మందం. నారాయణదాసు వాయించి చూపమన్నారు. విన్నారు. ఇతనికి నేర్పవలసినది లేదు, ఇతనే నేర్పాలి అని నిర్ణయించి విద్యార్థిగా కాక ఆచార్యునిగా చేర్చుకున్నారు. ఆ యువకుడే ద్వారం వెంకటస్వామి నాయుడు. ముందు ముందు దేశమంతా ఆయన కమాను నాదం విన్నది. తనకన్నా దాదాపు ముప్పై ఏళ్లు చిన్నవాని ప్రతిభను ఒక్క పూటలో గుర్తించి పీట వేయడం అందరికీ చేతనయ్యే పని కాదు. నారాయణదాసు పాడిన కచేరీలన్నిటికన్నా నాకు ఈ పూటే గొప్పగా తోస్తుంది.

1936 దాకా, అంటే డెబ్బై రెండేళ్ల వయసు వరకు, ఆయన ఆ పదవిలో ఉన్నారు. తరువాత ద్వారం వారే అధ్యక్షులయ్యారు. ముప్పై ఏళ్ల వయసు వరకు సాగిన తన జీవితాన్ని నారాయణదాసు నా యెఱుక అనే పుస్తకంలో చెప్పుకున్నారు. 1945 జనవరి 2న కన్నుమూశారు.

ద్వారం వారు అధ్యక్షులుగా ఉన్న కాలంలో, కృష్ణా తీరం నుంచి ఒక పేద కుర్రవాడు పాట నేర్చుకోవడానికి విజయనగరం వచ్చాడు. కళాశాలకు వేసవి సెలవులు. ఉండడానికి చోటు లేదు. అక్కడి గాత్ర గురువు పట్రాయని సీతారామశాస్త్రి అతణ్ణి తన ఇంట చేర్చుకుని, రుసుము లేకుండా పాఠం మొదలుపెట్టారు. కుర్రవాడు జోలె పట్టి, ఇంటింటా అన్నం అడిగి తిని, చదువు సాగించాడు. అతని పేరు ఘంటసాల వెంకటేశ్వరరావు.