చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడు

మన ప్రాంతంలో చిన్నపిల్లవాడిని అడిగినా పల్నాటి బ్రహ్మన్న పేరు చెబుతాడు. కోడిపందెం సంగతీ చెబుతాడు, నాగమ్మ సంగతీ చెబుతాడు. సినిమా అభిమానులకైతే 1947లో గోవిందరాజుల సుబ్బారావు, 1966లో ఎన్.టి.రామారావు ధరించిన బ్రహ్మనాయుడి పాత్ర కళ్ళకు కట్టినట్టే ఉంటుంది. కాని ఆ మహానుభావుడు బతుకంతా దేనికోసం తాపత్రయపడ్డాడు, చివరికి ఏం పోగొట్టుకున్నాడు అని ఆలోచించేవారు తక్కువ. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు మన చిలకలూరిపేట కూడా అందులో చేరింది. కాబట్టి ఆ కథలోని మంచికీ చెడ్డకీ మనమూ వారసులమే.

బ్రహ్మనాయుడు 12వ శతాబ్దం వాడు. ఆయన కథను వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతూ వచ్చారు. శ్రీనాథుడు రచించాడని చెప్పే పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో అచ్చువేయించారు. ఇందులో చరిత్ర ఎంత, గాథ ఎంత అని తూకం వేసి చెప్పడం కష్టమే. అయినా జనం గుండెల్లో నిలిచిన బ్రహ్మనాయుడి రూపం మాత్రం స్పష్టంగానే ఉంది.

హైహయ వంశీయుడైన అనుగురాజు పల్నాటిని ఏలాడు. ఆయన మంత్రి దొడ్డనాయుడు. దొడ్డనాయుడి కుమారుడే బ్రహ్మనాయుడు. తండ్రి తరువాత మంత్రిపదవి చేపట్టి, అనుగురాజు అనంతరం పెద్దకొడుకు నలగామరాజు పక్షాన రాజ్యభారం మోశాడు. మాచర్ల చెన్నకేశవుడు ఆయన ఇలవేల్పు.

ఆ రోజుల్లో శైవులకు, వైష్ణవులకు పొసగేది కాదు. కులానికొక పంక్తి, పంక్తికొక కట్టుబాటు. అలాంటి కాలంలో బ్రహ్మనాయుడు అందరినీ ఒక్క చాపమీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు. అదే చాపకూడు. ఇది ఒకపూట పెట్టిన విందు కాదు, ఆయన నమ్మిన రాజనీతి. మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనానాయకుణ్ణి చేశాడు. ఆయన కొడుకు బాలచంద్రుడికి అన్నదమ్ముల్లా మెలిగిన స్నేహితుల్లో బ్రాహ్మణుడైన అనపోతు ఉన్నాడు, చేతివృత్తుల ఇళ్ళలో పుట్టినవాళ్ళూ ఉన్నారు. చదువుకున్నవాళ్ళం, ఎనిమిది వందల ఏళ్ళ తరువాత కూడా మనం చాలాచోట్ల చెయ్యలేకపోతున్న పని ఆయన ఆనాడే చేసి చూపించాడు.

మరి అంతటివాడి కాలంలోనే పల్నాడు ఎందుకు రెండుగా చీలింది? ఇక్కడే మనం కాస్త ఆగి ఆలోచించాలి.

నలగామరాజు కొలువులో నాగమ్మ ప్రవేశించింది. తెలివితేటలతో మంత్రాంగం దక్కించుకుని నాయకురాలు అనిపించుకుంది. ఆ కాలంలో ఒక స్త్రీ అంత పదవికి రావడం సామాన్యం కాదు. నాగమ్మకూ బ్రహ్మనాయుడికీ పొత్తు కుదరలేదు. రాజు ఆమె మాట వినసాగాడు. దాయాదుల పోరు ముదిరింది. నలగాముడికి గురజాల, సవతితమ్ముడు మలిదేవుడికి మాచర్ల అని రాజ్యం పంచుకున్నారు. బ్రహ్మనాయుడు మలిదేవుడి పక్షాన మాచర్ల చేరాడు.

పంపకంతోనైనా గొడవ తీరిందా? లేదు. కోడిపందెం వచ్చింది. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచిపోవాలని ఒప్పందం. నాగమ్మ మాయ చేసి గెలిచిందని కథ చెబుతుంది. చేసిందనే అనుకుందాం. అయినా అంతమంది బతుకులను ఒక కోడి కాలికి కట్టడానికి బ్రహ్మనాయుడు మాత్రం ఎలా ఒప్పుకున్నాడు? ఆయన మీద ఎంత గౌరవం ఉన్నా ఈ ప్రశ్న అడగక తప్పదు. అందరినీ కలిపిన మనిషి కూడా పంతానికి పోతే ఏమవుతుందో ఇక్కడ కనిపిస్తుంది.

ఏడేళ్ళు గడిచాయి. మాచర్ల తిరిగి ఇవ్వలేదు. రాయబారానికి వెళ్ళిన అలరాజు నలగాముడికి స్వయాన అల్లుడు. ఆయననూ విషం పెట్టి చంపారు. దానితో సంధి మాట వెనక్కుపోయింది. 1182 ప్రాంతంలో కారెంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున యుద్ధం జరిగింది. బాలచంద్రుడు పోయాడు. ఒక్క చాపమీద తిన్నవాళ్ళు ఒక్క నేలమీద ఒరిగారు. బ్రహ్మనాయుడు గెలిచాడు. కాని ఆ గెలుపును పంచుకోవడానికి ఇంట్లో కొడుకు లేడు.

అప్పుడు ఆయన చేసిన పనే ఆయన జీవితంలోకెల్లా గొప్పది. నాగమ్మను చంపకుండా విడిచిపెట్టాడు. శత్రువైన నలగామరాజునే మళ్ళీ గద్దెమీద కూర్చోబెట్టి, తాను గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడని కథ ముగుస్తుంది. ఈ పోరులో చితికిన పల్నాడు, దానికి అండగా ఉన్న వెలనాటి రాజ్యం మళ్ళీ కోలుకోలేదు. కొద్దికాలానికే ఈ సీమ కాకతీయుల ఏలుబడిలోకి వెళ్ళింది. అన్నదమ్ములు దేనికోసం కొట్టుకున్నారో అది ఇద్దరికీ దక్కలేదు.

ఇప్పటికీ ఏటా కార్తీక అమావాస్యకు కారెంపూడిలో వీరుల ఉత్సవాలు అయిదు రోజులు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని వాటి పేర్లు. మందపోరు నాడు చాపకూడు పెడతారు. వీలున్న మిత్రులు నరసరావుపేట మీదుగా వెళ్ళి ఒకసారి ఆ పంక్తిలో కూర్చుని రావాలి.

కాని వచ్చాక మన ఊళ్ళో ఏం చేస్తున్నాం? ఊరికి రెండు పార్టీలు, పార్టీకొక రచ్చబండ. 2024 ఎన్నికల వేళ పల్నాడులో తలలు పగిలి, నిషేధాజ్ఞలు పెట్టవలసి వచ్చింది. హాస్టలు మెస్సులో సైతం ఎవరి బల్ల వారిదే. పోటీ పడవద్దని ఎవరూ అనరు. అభిప్రాయభేదం లేని రాజకీయం ఉండదు. కాని ఓడినవాడితో మర్నాడు కలిసి కూర్చుని అన్నం తినలేని పోటీ మనకెందుకు?

బ్రహ్మనాయుడు యుద్ధం అయ్యాక చేసిన రాజీని యుద్ధానికి ముందే చేసి ఉంటే, నలగాముడూ నాగమ్మా దానికి కలిసివచ్చి ఉంటే, బాలచంద్రుడు బతికేవాడు. మిత్రులారా! బాలచంద్రుడిది మన ఈడే. చాప పరచవలసింది కొట్లాట అయ్యాక కాదు, ముందే. ఆ పని మన కాలేజీలోనే మొదలుపెడదాం.