క్షీణచంద్రుడు – ఆర్యభటుడు

బహుళపక్షపు చంద్రుణ్ణి మన పూర్వులు రోగిగా భావించారు. దక్షుని శాపంవల్ల ఆయనకు క్షయవ్యాధి సంక్రమించిందని పురాణగాథ. కళల తరుగుదలకూ, దేహాన్ని కృశింపజేసే వ్యాధికీ భాషలో ‘క్షయ’మనే మాట ఒక్కటే కావడం గమనింపదగినది.

ఆ చంద్రుణ్ణి గణితదృష్టితో పరిశీలించినవాడు ఆర్యభటుడు. ఆయన క్రీ.శ. 476లో జన్మించాడు. కుసుమపురంలో ఆదరణ పొందిన శాస్త్రాన్ని ‘ఆర్యభటీయం’గా సంతరించాడు. 499 నాటికి తనకు 23 ఏండ్లు నిండాయని అందులోనే చెప్పుకొన్నాడు. భూమికీ, గ్రహాలకూ సూర్యునికి అభిముఖంగా ఉన్న సగమే ప్రకాశిస్తుందనీ, తక్కిన సగం తన నీడచేతనే నల్లబడి ఉంటుందనీ ప్రతిపాదించాడు. అనగా బహుళంలో చంద్రబింబం తరగదు. మనకు కనిపించే వెలుగుభాగమే తగ్గుతుంది. సూర్యుణ్ణి చంద్రుడూ, చంద్రుణ్ణి భూచ్ఛాయా కప్పడమే గ్రహణమని వివరించాడు. చంద్రుడు జలమయుడన్న భావనను మాత్రం ఆయన విడువలేదు. కవుల హిమకరుడు శాస్త్రంలోనూ చల్లగానే ఉన్నాడన్నమాట!

ఈ సిద్ధాంతానికి ప్రతిఘటన తప్పలేదు. గ్రహణకారణంగా రాహువును అంగీకరించకపోవడం వేదస్మృతులకు విరుద్ధమని 628లో బ్రహ్మగుప్తుడు తన గ్రంథంలో తీవ్రంగా ఆక్షేపించాడు. అయితే చంద్రగ్రహణాన్ని లెక్కించవలసి వచ్చినప్పుడు ఆయన కూడా భూచ్ఛాయ కొలతనే ఆశ్రయించాడు.