వైద్య విజ్ఞాన తపస్వి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు
(జనవరి 12 జయంతి సందర్భంగా)

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో బోదకాలు నివారణకై ఆరోగ్య సిబ్బంది ఇంటింటా పంచిన డి.ఇ.సి. మాత్రకూ, కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోతున్న వారికి వైద్యులు వ్రాసే మెథోట్రెక్సేట్ మాత్రకూ మూలం ఒకే పరిశోధనశాల. దానికి సారథ్యం వహించినవారు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. పేదరికం వెన్నాడిన బాల్యం ఆయనది. మూడవ ప్రయత్నంలో గాని మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధికి రోజుల వ్యవధిలో బలియైనారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు దుస్తులు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్ళినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ ఆచార్యుని పేరు నేడు ఎందరికి గుర్తుందో!

మామగారి సహాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతోను అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డులో చదివారు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం పరిమాణాన్ని కనుగొనే పద్ధతిని ఫిస్క్‌తో కలసి 1925లో ప్రకటించారు. రక్తపు చుక్కలో దేహస్థితిని చదివే విద్యకు ఆయన చేసిన తొలి సేవ అదే.

1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరిన పిదప ఆయన బృందం స్ప్రూ రోగులకు ఉపకరించే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసి 1945లో వెల్లడించింది. ఆ ఆమ్లానికి విరోధులైన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడ అక్కడే రూపొందినవి. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను రక్త క్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందికి తాత్కాలిక ఉపశమనం కలిగినట్లు 1948 జూన్‌లో ప్రకటించారు. మరి రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు కన్నుమూశారు. ఈ కోవ మందు కీళ్ళవాతానికి పనిచేయునని 1951లో వెల్లడైన సంగతి ఆయన ఎరుగరు.

రుమటాయిడ్ కీళ్ళవాతం, షోగ్రెన్ వంటి స్వయం ప్రతిరక్షక వ్యాధులలో, దేహాన్ని కాపాడవలసిన లింఫోసైట్ కణాలే దేహంపై దాడి చేస్తాయి. ఏళ్ళ తరబడి రెచ్చగొట్టబడిన ఆ కణాలలో కొన్ని అదుపు తప్పి లింఫోమా అనే క్యాన్సరుగా మారవచ్చు. ఇది అరుదే అయినప్పటికీ, కీళ్ళవాత రోగులలో ఈ ముప్పు ఇతరులకంటే సుమారు రెట్టింపు. వాపు దీర్ఘకాలం తీవ్రంగా కొనసాగిన వారిలోనే ముప్పు అత్యధికమని స్వీడన్ పరిశోధకులు 2006లో తేల్చారు. కనుకనే ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. పరీక్షలతో వాపును కనిపెట్టి ఉండటం అవసరం. షోగ్రెన్ రోగులలో రక్తంలోని సి4 ప్రోటీన్ తగ్గుట, క్రయోగ్లోబ్యులిన్లు లేదా ఒకే రకపు ప్రతిరక్షక ప్రోటీన్ కనబడుట హెచ్చరికలుగా పరిగణింపబడుతున్నాయి. ఇవి క్యాన్సరును నిర్ధారించవు; ఎవరిని మరింత జాగ్రత్తగా గమనించవలెనో మాత్రమే తెలుపుతాయి. నిర్ధారణకు గ్రంథి నుండి ముక్క తీసి పరీక్షించవలసిందే.

చిత్రమేమనగా, అధిక మోతాదులో కొన్ని లింఫోమాలకు చికిత్సగా ఇచ్చే మెథోట్రెక్సేట్‌ను కీళ్ళవాతానికి వాడుతున్న కొద్దిమందిలో లింఫోమా తలెత్తడం, వారిలో కొందరికి మందు ఆపగానే అది తగ్గిపోవడం వైద్యులు గమనించారు. ఈ భయంతో రోగి తనంతట తాను మందు మానివేయుట తగదు. అదుపులేని వాపు కూడ ముప్పే. కీళ్ళవాతానికి ఈ మందు వారానికి ఒక్క రోజు మాత్రమే వాడవలెను. పొరపాటున ప్రతిరోజూ మ్రింగినచో ఎముక మూలుగ దెబ్బతిని ప్రాణాపాయం కలుగవచ్చు. రక్తకణాల, కాలేయ పరీక్షలు క్రమం తప్పరాదు. సాధారణంగా మరొక రోజున ఇచ్చే ఫోలిక్ ఆమ్లపు మాత్ర సైతం సుబ్బారావు బృందం కృషిఫలమే. మెడలోనో, చంకలోనో, గజ్జలలోనో నొప్పిలేని గడ్డ వారాల తరబడి కరగకున్నా, కారణం తెలియని జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గుట కనిపించినా ఆలస్యం చేయక వైద్యునికి చూపించవలెను.