ఏటా పాడే కీర్తనల కవి పురుషోత్తమ చౌదరి

అమలాపురం, డిసెంబర్ 23: కోనసీమలో క్రిస్మస్ వచ్చిందంటే చర్చి ఆవరణల్లోను, ఇళ్ల అరుగుల మీద పిల్లలకు ప్రశ్నల పోటీలు పెట్టడం పరిపాటి. తూర్పు దేశపు జ్ఞానులు ఎంతమంది అని అడిగితే పిల్లలు ముగ్గురని టక్కున చెబుతారు. కాని మత్తయి సువార్తలో బంగారం, సాంబ్రాణి, బోళం అని మూడు కానుకల పేర్లున్నాయే గాని జ్ఞానుల లెక్క లేదు. యేసు పుట్టిన తేదీ బైబిల్‌లో ఎక్కడుందని అడిగితే పెద్దలు సైతం పేజీలు తిరగవేస్తారు. ఆ తేదీ అందులో లేనే లేదు.

ఈ ప్రశ్నల సరసన చేర్చదగినది మరొకటి ఉంది. ఆరాధనలో పాడే పాత తెలుగు కీర్తనల్లో చాలావాటిని రాసిన కవి ఎవరు? పాట కంఠతా వచ్చిన వారిలో కూడా దీనికి జవాబు చెప్పగలిగిన వారు తక్కువ. ఆయనే పురుషోత్తమ చౌదరి.

ఆయన 1803లో నాటి గంజాం జిల్లా పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. కోనసీమ వారికి ఆయన కాలం గుర్తుండడం తేలిక. గోదావరికి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పుట్టినది కూడా ఆ ఏడాదే. చౌదరి చిన్నతనం నుంచి భక్తిపరులు. సంస్కృతం, తెలుగు, ఒరియా నేర్చారు. ముక్తి మార్గం ఏదని వెతుకుతున్న రోజుల్లో క్రైస్తవ గ్రంథాలు ఆయన చేతికి వచ్చాయి. శ్రీకాకుళంలో క్రైస్తవులతో పరిచయం ఏర్పడింది. 1833లో, ముప్పయ్యో ఏట, బాప్తిస్మం పొందారు.

ఆ రోజుల్లో ఇది చిన్న మాట కాదు. కులం పోయింది. అయినవాళ్లు దూరమయ్యారు. అయినా ఆయన వెనుదిరగలేదు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లో సువార్త చెబుతూ తిరిగారు. కులాచార పరీక్ష, యేసు నాయక శతకం వంటి గ్రంథాలు రాశారు.

మతం మారినా ఆయన తనకు వచ్చిన సంగీతాన్ని, సాహిత్యాన్ని వదులుకోలేదు. పల్లవి, అనుపల్లవి, చరణాలతో, రాగతాళాలతో వందకు పైగా కీర్తనలు కట్టారు. యేసు జననం, సిలువ శ్రమలు, పాపి పశ్చాత్తాపం అందులోని విషయాలు. భజన పాటలు విని పెరిగిన పల్లె ప్రజలకు ఆ బాణీ కొత్త కాదు. అక్షరం రాని వారు కూడా విని నేర్చుకొని పాడగలిగారు. దొరల మతమని అందరూ అనుకొన్నది తెలుగు నోటికి ఎక్కడానికి ఈ కీర్తనలే ఎంతో తోడ్పడ్డాయి.

చౌదరి 1890లో కన్ను మూశారు. తెలుగు క్రైస్తవ పదకవితా పితామహుడని ఆయనను పెద్దలు గౌరవిస్తారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట దగ్గరే ఆయన పేరు అచ్చయి ఉంటుంది. పాడే తొందరలో దానిని చూసేవారు లేరు.

అన్నీ పోగొట్టుకొని పాటలు మిగిల్చిన మనిషి పేరు మరుగున పడడం న్యాయం కాదు. ఈ పండుగకు పిల్లల పోటీల్లో ఈ ఒక్క ప్రశ్న చేర్చితే చాలు. జవాబు కోసం ఎక్కడికో వెళ్లనక్కర లేదు. చేతిలోని కీర్తనల పుస్తకం తెరిస్తే సరిపోతుంది.